దాచిన సెలవు

జూన్ 3

సీసాల పరీక్షాధికారిణి, ప్రస్తుతం బాలింతరాలు అయిన మా అక్క సముఖానికి,

అదే కంపెనీ పెద్దాఫీసులో, సెలవుల విభాగంలో, మూడో కుర్చీ గుమస్తా, అనగా నీ తమ్ముడు, చేతులు కట్టుకుని తెలియజేసుకునేది.

మేనమామ పదవి నాకు రెండు నెలలు ముందుగానే దక్కింది. ఇంత తొందరగా ప్రమోషన్ మా ఆఫీసులో ఎవడికీ రాలేదు. బావ ఫోన్‌లో "పిడికెడు ఉందిరా" అన్నాడు. కాబట్టి నా మేనకోడలికి 'పిడికెడు' అని ఇందుమూలంగా పేరు పెడుతున్నాను. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. కిలోన్నరకు వంద గ్రాములు తక్కువట కదా. నా టిఫిన్ క్యారేజీ అంతకంటే బరువుంటుంది. ఫరవాలేదు, మన వంశంలో అందరూ ముందు నోరు పెంచి తర్వాత ఒళ్లు పెంచినవాళ్లే.

బావకు లారీ యజమాని రెండు రోజులు సెలవిచ్చాడట. ఒకరోజు రావడానికి, ఒకరోజు పోవడానికి. పిల్లను చూడటానికి మధ్యలో ఏమీ మిగల్లేదన్నమాట.

ఇక అసలు విషయం. నవ్వాపి చదువు. కాన్పు సెలవు మనకు జీతంతో నూట పన్నెండు రోజులు. పిల్ల పుట్టిన రోజు నుంచీ లెక్క మొదలవుతుంది. ఆస్పత్రి వాళ్లు పిడికెడును ఆరు వారాలు అద్దాల పెట్టెలో ఉంచుతామన్నారు. అంటే నలభై రెండు రోజుల సెలవు, పెట్టె బయట అద్దం తుడుస్తూ కూర్చోవడానికే సరి! పిల్ల ఇంటికొచ్చేసరికి నీకు మిగిలేది డెబ్బై.

అయితే ఏడో నిబంధన రెండో పేరాలో ఒక కన్నం ఉంది. ఒంట్లో బాగుందని డాక్టర్ చీటీ తెస్తే, కాన్పు సెలవును తర్వాత మొదలుపెట్టుకోవచ్చు. ఈ కన్నం ఇంతవరకూ ఎవడి కంటా పడలేదు. నా కంట పడింది. తొమ్మిది రోజులు మామూలు జబ్బు సెలవు పెట్టు. పదో రోజు పనిలో చేరు. పిడికెడు ఇంటికొచ్చిన రోజున నూట పన్నెండూ నూట పన్నెండులాగే నీ చేతిలో ఉంటాయి. ఒక్కటి కూడా తరగదు!

నా బుర్రకు నేనే అద్దంలో దండం పెట్టుకున్నాను.

ఇట్లు,
మూడో కుర్చీ

జూన్ 9

ఒరేయ్ మూడో కుర్చీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. మొన్న పనిలో చేరాను. కుర్చీలో దిండు వేసుకుని కూర్చున్నా. తెల్లటి లైటు ముందు నుంచి సీసాలు పోతూనే ఉన్నాయి, నిమిషానికి అరవై. పగుళ్లున్న సీసా తీసి పక్కన పెట్టడం, మళ్లీ చూడటం. తొమ్మిది రోజులు రాకపోయినా చేతులు మర్చిపోలేదు. పాల కోసం మాత్రం రెండుసార్లు లేచి బాత్రూమ్‌లోకి పరుగెత్తాల్సి వచ్చింది. పిండిన పాలు డబ్బాలో పెట్టి సాయంత్రం ఆస్పత్రికి పట్టుకెళ్తున్నాను.

వార్డులో తల్లులు పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా కూర్చోవచ్చు. మిగతావాళ్లు సాయంత్రం ఐదు నుంచి ఆరు. నేను ఇప్పుడు మిగతావాళ్లలో లెక్క.

అక్కడ ఒక నర్సమ్మ ఉంది. గుండె మీద తలకిందులుగా గడియారం పెట్టుకుంటుంది, అందుకని గడియారం నర్సమ్మ అంటారు. ఆవిడ రోజూ ఒకటే మాట. "పగటిపూట రామ్మా, రెండు గంటలైనా బట్ట అడ్డం లేకుండా గుండెల మీద పడుకోబెట్టుకో, మందుల కంటే అదే పనిచేస్తుంది" అంటుంది. సెలవు దాస్తున్నానని చెప్పాను. ఆవిడ నావంక ఒకలా చూసింది. ఏం చెయ్యమంటావురా? నాకు పాలుపోవట్లేదు.

ఇంకోటి. పిల్లతో మాట్లాడుతూ ఉండాలట. అద్దానికి గుండ్రటి కిటికీ ఉంటుంది, అందులోంచి. నాకు ఏం మాట్లాడాలో తెలియక నిన్న సీసాల సైజులు చెప్పాను. లోపలికి ఫోన్ తేనివ్వరు. నువ్వు పుట్టినప్పటి నుంచి నలుగురి మాటలు ఒక్కడివే మాట్లాడావు. ఉత్తరాలు రాయి. చదివి వినిపిస్తాను.

అక్క

జూన్ 14

(ఇది పైకి చదవవలెను)

పిడికెడు గారికి మేనమామ నమస్కారాలు. తమరు పెట్టెలో కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను కూడా ఒక పెట్టెలోనే ఉన్నాను, దాన్ని ఆఫీసంటారు. మీ పెట్టె వెచ్చగా ఉంటుందట, మా పెట్టెలో ఫ్యాను తిరగదు కాబట్టి ఇదీ వెచ్చగానే ఉంటుంది. మీకు ముక్కులో గొట్టం ఉంది, మాకు మెడలో గుర్తింపు కార్డు ఉంది. మీకు మూడు గంటలకోసారి పాలు, మాకు మూడు గంటలకోసారి టీ. తేడా ఒక్కటే. మీరు రోజుకి ఇరవై గ్రాములు పెరుగుతున్నారు, మాకు ఆరేళ్లుగా ఏదీ పెరగలేదు.

మీ అమ్మ చిన్నప్పుడు నన్ను నడుం మీద మోసి బడికి తీసుకెళ్లేది. దారిలో ఏడిస్తే దింపేస్తానని బెదిరించేది. ఎప్పుడూ దింపలేదు. ఆ సంగతి మీరు గుర్తుపెట్టుకుని బాగా ఏడవండి.

(ఇక్కడి నుంచి పైకి చదవకు)

అక్కా, నర్సమ్మ సంగతి. పెద్ద చిక్కేం కాదు, లెక్క వేద్దాం. రోజుకి రెండు గంటలు, నలభై రెండు రోజులు. ఎనభై నాలుగు గంటలు. ఇరవై నాలుగుతో భాగించు. మూడున్నర రోజులు! ఆ మూడున్నర రోజుల కోసం నలభై రెండు రోజుల సెలవు తగలేస్తావా? ఇంటికొచ్చాక నువ్వు దాన్ని పగలూ రాత్రీ గుండెల మీద నుంచి దింపొద్దు. నాలుగో రోజు మధ్యాహ్నానికి బాకీ తీరిపోతుంది.

ఆస్పత్రి వాళ్లకు ప్రేమ తెలుసు, లెక్కలు తెలియవు. మనకు రెండూ తెలుసు.

మూడో కుర్చీ

జూలై 1

ఒరేయ్,

పిడికెడు ఇప్పుడు కేజీ ఎనిమిది వందలు. గొట్టం తీసేశారు.

నీ ఉత్తరం చదివాను గానీ అది వినలేదు. నాలుగున్నరకు పాలు పట్టేస్తారు, నేను ఐదింటికి వెళ్లేసరికి నిద్రలో ఉంటుంది. నిద్రపోయే పిల్లకి ఆఫీసు జోకులు ఏం చెప్తాం? అందుకని ఉత్తరం గడియారం నర్సమ్మకి ఇచ్చాను. పదకొండు గంటలప్పుడు అది కళ్లు తెరుచుకుని ఉంటుందట. ఆవిడకి చెయ్యి ఖాళీ అయిన రోజున చదువుతుంది. "మీ తమ్ముడు తిన్నగా ఉండడా?" అని అడిగింది. చిన్నప్పటి నుంచీ ఇంతేనండీ అన్నాను.

పక్క పెట్టెలో ఒక మగపిల్లాడు. వాడి తల్లి ఏదో బడిలో టీచరు. పొద్దున్నే వచ్చి వాణ్ని గుండెల మీద వేసుకుని మూడింటి దాకా కదలదు, చెట్టుకు తొండ కరుచుకున్నట్టు ఉంటాడు వాడు. ఆమె సెలవు రోజూ కరిగిపోతోంది. నా సంగతి చెప్తే, "మీకు ఎంత తెలివైన తమ్ముడండీ" అంది. నాకు గర్వంగానే అనిపించింది.

నీ లెక్క కరెక్టే. నేను రెండుసార్లు వేసి చూశాను, మూడున్నరే వచ్చింది.

కానీ ఒరేయ్, దానికి నా గొంతు తెలుసంటావా?

అక్క

జూలై 6

సీసాల రాణికి,

నీ గొంతు తెలుసా అని అడుగుతున్నావా? నువ్వు నన్ను అన్నానికి పిలిస్తే పక్కవీధి పిల్లలు కూడా చేతులు కడుక్కునేవాళ్లు. కడుపులో ఏడు నెలలు ఆ మైకు పక్కనే పడుకుంది పాపం. తెలియక చస్తుందా?

పక్క పెట్టె టీచరమ్మ మీద నాకు జాలిగా ఉంది. అందరికీ సెలవుల విభాగంలో తమ్ముడు ఉండడు కదా.

ఇక శుభవార్త. నా కన్నం సంగతి మా పెద్ద గుమస్తా చెవిన పడింది. మనిషి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నన్ను చూశాడు. పదేళ్లలో ఆయన అలా చూసింది రెండుసార్లేనట. రెండోది నేను. అన్ని ఫ్యాక్టరీలకూ సర్క్యులర్ పంపిస్తున్నాం. 'నెలలు నిండక ముందే పుట్టి ఆస్పత్రిలో ఉన్న శిశువుల తల్లులు తమ సెలవును పొదుపు చేసుకొను విధానము.' వాక్యం నాదే. పొదుపు అనే మాట దగ్గర పెద్దాయన తలూపాడు.

పిడికెడు పేరు చరిత్రలోకి ఎక్కింది. అది రెండు కేజీలు కూడా కాలేదు చూడు.

మూడో కుర్చీ (త్వరలో రెండో కుర్చీ)

జూలై 19

వకీలు గారికి,

పదో తారీకున పిడికెడును ఇంటికి తెచ్చుకున్నాం. నీ నూట పన్నెండు ఆ రోజే మొదలయ్యాయి. గడియారం నర్సమ్మ గుమ్మం దాకా వచ్చి దాని నుదురు నిమిరి వెళ్లింది. అప్పుడు అది తల అటు తిప్పింది. ఆవిడ వెళ్లిపోయాక కూడా కాసేపు అటే చూసింది.

పిల్ల బంగారం. అస్సలు ఏడవదు. పాల టైము దాటినా ఏడవదు, బట్ట తడిసినా ఏడవదు. కళ్లు తెరుచుకుని పడుకుని ఉంటుంది. పై అంతస్తు ఆవిడ వచ్చి, "నువ్వు పెట్టి పుట్టావమ్మా, మావాడు మూడేళ్లు మా ప్రాణాలు తోడేశాడు" అని కుళ్లుకుంది.

రోజంతా గుండెల మీదే పెట్టుకుంటున్నాను, నువ్వు చెప్పినట్టు. నాలుగో రోజు మధ్యాహ్నం నీ మాట గుర్తొచ్చింది. బాకీ తీరిందిరా అనుకున్నాను.

అక్క

జూలై 25

అక్కా,

ఏడవని పిల్లా? మన ఇంట్లోనా? ఆస్పత్రిలో మార్చేశారేమో గుర్తులు సరిచూసుకో. నేను మూడేళ్లు, నువ్వు నాలుగేళ్లు ఏడ్చామని అమ్మ పోయేదాకా చెప్పుకుంది. ఆ కోటా అంతా మనమే వాడేసినట్టున్నాం, పిడికెడుకు ఏమీ మిగల్చలేదు.

ఇట్లు, గర్వంతో ఇరుకైపోయిన చొక్కాలో ఉన్న,
మూడో కుర్చీ

అక్టోబర్ 12

ఒరేయ్,

నీ ఉత్తరాలు మూడు వచ్చాయి. జవాబివ్వలేదని అలిగావట, బావతో అన్నావట. అలగాల్సిన పని కాదు. ఏం రాయాలో తెలియక రాయలేదు.

పిడికెడును ఎత్తుకుంటే చెక్కలా బిగుసుకుంటుంది. మంచం మీద పడుకోబెట్టి ట్యూబ్‌లైటు వేస్తే ఒళ్లు వదులు చేసుకుంటుంది. నా మొహం చూడదు, నా చెవి పక్క నుంచి లైటు వంక చూస్తుంది. మొదట్లో నీకు రాయలేదు. పెద్దయ్యే కొద్దీ సర్దుకుంటుందిలే అనుకున్నాను. మూడు నెలలు అనుకుంటూనే ఉన్నాను.

నిన్న పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. చెవులు బాగున్నాయి, కళ్లు బాగున్నాయి. ముందుగా పుట్టిన రెండు నెలలు తీసేసి లెక్కేసినా, ఈపాటికి మొహం చూసి నవ్వాలట. ఎందుకిలా అని అడిగాను. "ఎవరూ కచ్చితంగా చెప్పలేరమ్మా. ముందుగా పుట్టినందుకు కావచ్చు, మొదటి వారాలు ఒంటరిగా ఉన్నందుకు కావచ్చు, రెండూ కాకపోవచ్చు. కొందరు ఆలస్యంగా అందుకుంటారు" అంది. ఏడ్చినా ఎవరూ రాకపోతే పిల్లలు ఏడవడం మానేస్తారా అని అడిగాను. ఆవిడ కాగితం మీద మళ్లీ రావాల్సిన తారీకు రాసింది.

గడియారం నర్సమ్మ తప్పేం లేదు. పద్దెనిమిది పెట్టెలు, ఇద్దరు మనుషులు.

బయట బెంచీ మీద పక్క పెట్టె టీచరమ్మ కూర్చుని ఉంది. ఆమె సెలవు ఎప్పుడో అయిపోయింది. పిల్లాణ్ని రోజూ ఎవరి దగ్గరో వదిలి బడికి పోతోందట, గేటు దగ్గర రోజూ ఏడుస్తుందట, మనిషి సగమైంది. కానీ వాడున్నాడే, ఆమె మొహాన్ని తాగేస్తున్నట్టు చూశాడు. ఆమె అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. "మీ పాప ఎంత నెమ్మదో" అంది నాతో.

ఇప్పుడు డాక్టరమ్మ చెప్పింది ఒకటే. కొన్ని నెలల పాటు ఒకే ఒడి, ఒకే గొంతు, రోజంతా. నా సెలవు ఇరవై తొమ్మిదితో అయిపోతుంది. జీతం లేకుండా ఉందామంటే, బావ లారీని యజమాని అమ్మేశాడు, ఆయన పని వెతుక్కుంటూ ఊళ్లు తిరుగుతున్నాడు, ఇల్లు నా ఉద్యోగం మీదే నడుస్తోంది. ఫ్యాక్టరీ పిల్లల గది చూసొచ్చాను. ఇరవై ఉయ్యాలలు, ఒక ఆయా. పైన ట్యూబ్‌లైటు ఉంది. అది అక్కడ హాయిగా ఉంటుంది, అదే నా భయం.

నీది తప్పని రాయట్లేదు. లెక్క నేనూ వేశాను, రెండుసార్లు. కాకపోతే నీ నిబంధనల పుస్తకం నీ దగ్గరే ఉంది కదా. ఆ మూడున్నర రోజులు మళ్లీ ఎక్కడ దొరుకుతాయో కాస్త చూసి చెప్పు.

అక్క

అక్టోబర్ 17

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. నాలుగింటిలోనూ మొదటి వాక్యం జోకే వచ్చింది. చేతికి అదొక్కటే అలవాటైనట్టుంది.

మా రిజిస్టర్‌లో రోజుకొక గడి ఉంటుంది. గళ్లన్నీ ఒకే సైజు. ఆరేళ్లుగా వాటిని చూసి చూసి, రోజులన్నీ ఒకే సైజు అనుకున్నాను. జూన్‌లో రోజు తీసి అక్టోబర్‌లో పెట్టొచ్చనుకున్నాను. నర్సమ్మ చెప్పింది, నువ్వు అడిగావు, నేను భాగహారం చేసి పంపాను. 'దానికి నా గొంతు తెలుసంటావా' అని నువ్వు రాస్తే మైకు జోకు వేశాను. ఆ ఉత్తరం నీ దగ్గరుంటే చించెయ్. వద్దు, ఉంచు.

సర్క్యులర్ వెనక్కి తీసుకోమని పెద్దాయన దగ్గరికి వెళ్లాను. "ఆరుగురు ఆడవాళ్లు వాడుకున్నారు, ఆరుగురూ థాంక్స్ రాశారు, నీకేమైంది?" అన్నాడు. ఆస్పత్రిలో ఉన్న రోజుల్ని కాన్పు సెలవులోంచి కోయకూడదు, అవి వేరేగా ఇవ్వాలి అని రెండు పేజీలు రాసిచ్చాను. తల్లి పెట్టె పక్కనా ఉండాలి, ఇంట్లోనూ ఉండాలి, రెంటిలో ఒకటి ఎంచుకోమనడం నిబంధన కాదు అని రాశాను. ఆయన చదివి 'చూద్దాం' అని సంతకం పెట్టాడు. మా ఆఫీసులో చూద్దాం అంటే కళ్లు మూసుకోవడం.

ఆ ఆరుగురిలో ప్యాకింగ్ అమ్మాయి ఒకతి. ఆమె బిడ్డ ఇంకా పెట్టెలోనే ఉంది. సోమవారం నుంచి పనిలో చేరతానని కాగితం పంపింది. దాన్ని నా సొరుగులో పెట్టి తాళం వేశాను. చేరొద్దు, వెళ్లి బిడ్డ దగ్గర కూర్చో, మిగతాది తర్వాత కొట్లాడదాం అని ఉత్తరం రాశాను. ఉద్యోగంలో ఇది నా మొదటి నేరం.

పొదుపు గురించి ఊరందరికీ చెప్పినవాణ్ని కదా, నా సెలవు కూడా దాచే ఉంచాను. తొంభై ఏడు రోజులున్నాయి. ఫారంలో 'శిశువుతో బంధుత్వం' అనే గడిలో తల్లి, తండ్రి తప్ప మేనమామకు చోటు లేదు. 'సొంత పని' అని రాశాను. అబద్ధం కాదు.

ఇరవై ఎనిమిదిన వస్తున్నాను. దానికి ఒకే గొంతు కావాలంటే నీదే కావాలి, తెలుసు. కానీ ట్యూబ్‌లైటు కంటే నేను కొంచెం నయం.

తమ్ముడు

నవంబర్ 19

అక్కా,

ఇంట్లో ఉన్నంతసేపూ నీ కళ్లు దాని మీదే ఉండాలి, నా నివేదికలు నోటితో చెప్తే కోతలు కలుస్తాయి, అందుకే రోజూ కాగితం మీద రాసి టిఫిన్ డబ్బాలో పెడుతున్నాను. టీ విరామంలో చదువుకుంటున్నావు. ఇది పద్దెనిమిదోది.

నిన్నటి నుంచీ ఇది రాయాలా వద్దా అని తిరుగుతున్నాను. వచ్చే ఆదివారం నువ్వు ఇంట్లో ఉంటావు, నీ కళ్ల ముందు జరిగితే అదే మొదటిసారి అనుకుంటావు, అప్పటిదాకా దాచిపెడదాం అనుకున్నాను. దాచడం! మళ్లీ అదే తెలివి. అందుకని రాస్తున్నాను.

నిన్న పదీ నలభైకి పిడికెడు ఏడ్చింది.

ఆకలి కాదు, అరగంట ముందే పాలు తాగింది. తడి కాదు, చూశాను. ఒళ్లో ఉన్నదాన్ని మంచం మీద పడుకోబెట్టి, సీసా కడగడానికి వెనక్కి తిరిగాను. ఏడ్చింది. ఎత్తుకున్నాను, ఆపింది. గుమస్తా బుద్ధి, సరిచూసుకోవాలి కదా, మళ్లీ పడుకోబెట్టాను. ఏడ్చింది. ఎత్తుకున్నాను. నా చొక్కా గుండీ వంక చూసి, గడ్డం వంక చూసి, అక్కడ ఆగింది. మూడోసారి సరిచూడలేదు. నువ్వు వచ్చేదాకా దింపలేదు. అన్నం ఎందుకు తినలేదని నువ్వు అడిగితే ఆకలి లేదన్నాను.

నువ్వు చూడాల్సింది నేను చూశాను. నన్ను క్షమించు.

తమ్ముడు

నవంబర్ 20
(అదే కాగితం వెనక)

ఎంతసేపు ఏడ్చింది? గట్టిగానా, సన్నగానా? మొదట మూతి వంకర పెట్టిందా, ఒక్కసారిగా ఏడ్చిందా? కన్నీళ్లు వచ్చాయా? ఇవేమీ రాయలేదు నువ్వు. సీసా కడిగిన సంగతి రాశావు. అన్నీ రాయి.

విరామం అయిపోయి బెల్టు తిరుగుతోంది. ఇది రాస్తూ ఎన్ని సీసాలు వదిలేశానో తెలియదు. పగుళ్లున్నా పోనీ ఇవాళ్టికి.

మూడున్నరకు వచ్చి ఈ కాగితం నీ చేతిలో పెడతాను. చదవగానే పిల్లను నా చేతికిచ్చి నువ్వు బయటికి వెళ్లిపో, వీధి చివరి దాకా వెళ్లు. కాసేపు ఎత్తుకుని, మంచం మీద పడుకోబెట్టి, తలుపు దాకా నడుస్తాను.

ఏడిస్తే నీకు అక్కడికే వినపడుతుంది. వినపడకపోతే, తిరిగొచ్చాక ఏమీ అడక్కు. ఆకలేస్తోందని చెప్పి అన్నం పెట్టమను.

అక్క